మా డ్రమ్ములో దోమ, మౌయి కొండ మీద పిట్ట

మా మిద్దె మీద మందారం కుండీ పక్కన ఒక నీళ్ల డ్రమ్ము ఉంది. కడపలో డ్రమ్ము లేని మిద్దె ఉండదు కాబట్టి ఇదేం విశేషం కాదు. మొన్న ఆదివారం పొద్దున చూస్తే మూత కొంచెం జరిగి ఉంది. నీళ్ల మీద నల్లటి నలుసు ఒకటి తేలుతోంది. మసేమో అనుకుని వేలితో తీశాను. చెదరకుండా వేలికి అంటుకుని వచ్చింది. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే అది గుడ్ల తెప్ప. సన్నటి గుడ్లు నిలువుగా, ఒకదానికొకటి ఆనించి, పడవ ఆకారంలో పేర్చి ఉన్నాయి. మొత్తం కలిపి బియ్యపు గింజంత ఉంటుంది, అందులో వందకు పైగా గుడ్లు. క్యూలెక్స్ దోమ గుడ్లు. సరిగ్గా అప్పుడే మూరెడు దూరంలో ఒక ఊదా తేనెపిట్ట మందారం మీద వాలింది. పువ్వు ముందు నుంచి వెళ్లే ఓపిక లేక, తొడిమ దగ్గర ముక్కుతో పొడిచి, దొంగదారిన తేనె తాగుతోంది.

"ఏం నాయనా, ఆ డ్రమ్ములో అంతసేపు ఏం చూస్తాండావు? వంచేయ్. రాత్రంతా దోమలు పీక్కు తింటాండాయి" అంది అమ్మ కింద నుంచి.

మా మిద్దె మీద ఆ దోమా ఈ పిట్టా ఎన్ని తరాలుగా పక్కపక్కనే బతుకుతున్నాయో. పిట్టకేమీ కాలేదు. కానీ పసిఫిక్ సముద్రం నడుమ, హవాయి దీవుల్లో, ఇదే జాతి దోమ ఇలాంటి తేనె తాగే పిట్టలను ఒక్కొక్క కొండా ఖాళీ చేసుకుంటూ పైకి ఎక్కుతోంది. ఇక్కడ ఏమీ కానిది అక్కడ చావు ఎందుకైందన్నది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. విప్పడం మొదలుపెడితే పువ్వు, పంది, ఓడ, సికింద్రాబాద్, థర్మామీటర్ అన్నీ బయటికొస్తాయి.

ముందు పిట్ట సంగతి. పేరు ఆకోహెకోహె. అది అరిచే అరుపే దాని పేరు, మనం కాకిని కాకి అన్నట్టు. హవాయి దీవుల్లో ఒకటైన మౌయిలో, హలేకలా అనే పాత అగ్నిపర్వతం తూర్పు వాలు మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పక్కనున్న మొలొకాయి దీవిలో కూడా ఒకప్పుడు ఉండేది. 1907 తర్వాత అక్కడ ఎవరికీ కనిపించలేదు. జానెడు కన్నా కాస్త చిన్న పిట్ట, బరువు 25 గ్రాముల పైచిలుకు. దూరం నుంచి నల్లగా ఉంటుంది. దగ్గరగా చూస్తే ఒళ్లంతా వెండి గీతలు, మెడ వెనక నారింజ ఎరుపు, ముక్కు మొదట్లో నుదుటి మీద తెల్లటి కుచ్చు. అద్దంలో చూసుకోకుండా బొట్టు పెట్టుకున్నట్టు, ఆ కుచ్చు ముందుకు వంగి ముక్కు మీద పడుతుంటుంది. శాస్త్రీయ నామం పాల్మేరియా డోలీ. ఇందులో డోలీ అంటే శాన్‌ఫర్డ్ డోల్, 1893లో హవాయి రాణిని గద్దె దించాక వచ్చిన ప్రభుత్వానికి పెద్ద. పిట్టకు ఆయన పేరు పెట్టింది అంతకు రెండేళ్ల ముందే. ఆకోహెకోహె అనే పిలుద్దాం, నోటికి కూడా బాగుంది.

ఆ కుచ్చు అలంకారమేమీ కాదు, దానికో పని ఉంది. ఈ పిట్ట తిండి ప్రధానంగా ఓహియా చెట్టు పూలలోని తేనె. ఓహియా పువ్వు ఎలా ఉంటుందో మనకు చెప్పడం తేలికే. జామపువ్వు గుర్తుందా? రేకులు పేరుకే ఉంటాయి, పువ్వంతా తెల్లటి కేసరాల గుత్తే. దాన్ని ఎర్రగా మార్చి, పది పూలు ఒకచోట కుచ్చుగా కట్టండి, అదే ఓహియా. పోలిక ఊరికే కుదరలేదు. జామ, నేరేడు, జామాయిల్, బాటిల్ బ్రష్, ఓహియా అన్నీ ఒకే కుటుంబం. తేనె కోసం ఆకోహెకోహె తల లోపలికి దూర్చినప్పుడు కేసరాలు నుదుటి కుచ్చుకు రాసుకుంటాయి, పుప్పొడి అంటుకుంటుంది. ఇంకో చెట్టుకు వెళ్లి తల దూర్చగానే అక్కడ రాలుతుంది. చెట్టు తేనె ఇచ్చి పని చేయించుకుంటుంది. పుప్పొడి పట్టి పట్టి కొన్ని పిట్టల నుదురు పసుపు పూసినట్టు ఉంటుంది.

మనిషిలాగే దీనికి కూడా ఆస్తి ఉంటే కోపం వస్తుంది. బాగా పూసిన చెట్టు దొరికితే అది తనదే. అక్కడి తేనె పిట్టల్లో ఇదే పెద్దది కాబట్టి, ఎర్రటి ఒంటితో కొడవలిలా వంగిన ముక్కున్న ఈయీవీని తరుముతుంది. ఈయీవీ వెళ్లి తనకన్నా చిన్నదైన అపాపనేని తరుముతుంది. అపాపనేలు గుంపుగా వచ్చి, పెద్దది చూడనప్పుడు నాలుగు పూలు నాకి పోతాయి. మా వీధి కొళాయి దగ్గర బిందెల వరుసకు దీనికి పెద్ద తేడా లేదు. తేనెలో ఉండేది చక్కెరే. పిల్లల ఒంటికి మాంసకృత్తులు కావాలి కాబట్టి, గూడు కట్టిన కాలంలో గొంగళిపురుగులు, చిన్న చిన్న కీటకాలు ఏరి తెస్తుంది. పెట్టేది ఒకటి రెండు గుడ్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విసుగు చెప్పుకోవాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో దానిమ్మ చెట్టు మీద వాలిన తేనెపిట్ట వీడియో పెట్టి "మా ఇంట్లో హమ్మింగ్ బర్డ్" అని రాస్తారు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మన తేనెపిట్ట వేరే వంశం. ఆకోహెకోహె ఈ రెండూ కాని మూడో వంశం. దాని పూర్వీకులు గింజలు తినే పిట్టలు. ఆసియా నుంచి వచ్చిన రోజ్‌ఫించ్ జాతి పిట్టలు యాభై లక్షల ఏళ్లకు పైగా కిందట హవాయి చేరాయని డీఎన్ఏ లెక్కలు చెబుతున్నాయి. రోజ్‌ఫించ్‌లలో ఒక రకం ఇప్పటికీ చలికాలంలో హిమాలయాలు దాటి మన తూర్పు కనుమలకు వస్తుంది. మగది తల, రొమ్ము ఎర్రగా, పిచ్చుకంత ఉంటుంది. దాని బంధువులేవో గాలివాటున దారి తప్పి, దగ్గరి ఖండానికి 3,800 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవుల మీద పడ్డాయి. అక్కడ పోటీ పిట్టలు తక్కువ, ఖాళీ పనులు ఎక్కువ. తరాలు గడిచేకొద్దీ కొన్నిటి ముక్కు చిలకముక్కు అయింది, కొన్నిటిది బెరడు తవ్వే ఉలి అయింది, కొన్నిటిది తేనె తాగే గొట్టం అయింది. ఒక్క వంశం నుంచి యాభైకి పైగా జాతులు పుట్టాయి. ఇప్పుడు మిగిలినవి 17. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం ఒక్కసారే హవాయి పిట్టల్లో ఎనిమిది జాతులు ఇక లేవని ప్రకటించింది, వాటిలో ఆరు ఈ కుటుంబానివే.

ఎందుకు పోయాయి? అడవులు కొట్టి పశువుల మేతకు, చెరకుకు ఇచ్చారు, నిజమే. ఓడల్లో దిగిన ఎలుకలు గూళ్లలో గుడ్లు తిన్నాయి, అదీ నిజమే. కానీ చెట్టు నరకని, మనిషి అడుగుపెట్టని అడవిలో కూడా పిట్టలు మాయమయ్యాయి. పూలు నిండుగా ఉన్నాయి, తాగే పిట్ట లేదు. అక్కడే దోమ కథలోకి వస్తుంది.

ఒకప్పుడు హవాయిలో అసలు దోమే లేదు. ఒక్క జాతి కూడా. 1826లో మెక్సికో తీరం నుంచి వచ్చిన వెల్లింగ్టన్ అనే ఓడ మౌయిలోని లహైనా రేవులో ఆగింది. పాచి పట్టిన పీపాల్లో నీళ్లు వాగులో పారబోసి మంచినీళ్లు నింపుకున్నారు. పారబోసిన నీళ్లలో క్యూలెక్స్ లార్వాలు ఉన్నాయి. మురికినీళ్లలో పెరిగే రాత్రి దోమ, మన కోస్తాలో బోదకాలు మోసే దోమ, మా డ్రమ్ములో తెప్ప కట్టిన దోమ అదే. తర్వాతి దశాబ్దాల్లో జనం సరదాకు, పెంపకానికి బయటి దేశాల పిట్టలను తెచ్చి వదిలారు. వాటి రక్తంలో పిట్టల మలేరియా ఉంది. మోసే దోమ ముందే వచ్చి కూర్చుంది, రోగం వెనకాల వచ్చింది.

పిట్టలకు మలేరియా ఏమిటని కొందరికి అనుమానం రావచ్చు. ఈ సంగతి కనిపెట్టడంలో మన నేలకు వాటా ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించాడు. కుట్టించుకున్న ఒక్కో దోమకు అణా ఇచ్చాడు. ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో పరాన్నజీవి కనిపించింది. మన స్కూలు పుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగుతుంది. మిగతా సగం కలకత్తాలో జరిగింది. 1898లో అక్కడ మనుషులు ప్రయోగానికి దొరక్క రాస్ పిట్టలను పట్టుకున్నాడు. పిచ్చుకలు, భరతపిట్టలు. మలేరియా ఉన్న పిట్టను కుట్టిన బూడిదరంగు దోమలో పరాన్నజీవి పొట్ట నుంచి లాలాజల గ్రంథులకు చేరడం చూశాడు. ఆ దోమ చేత ఆరోగ్యంగా ఉన్న పిట్టను కుట్టిస్తే దానికీ రోగం వచ్చింది. మలేరియాను మోసేది దోమేనన్న పూర్తి రుజువు అలా పిట్టల మీద దొరికింది, 1902లో నోబెల్ వచ్చింది. ఆ బూడిదరంగు దోమ మన క్యూలెక్సే. ఆ పరాన్నజీవికి ఇప్పటి పేరు ప్లాస్మోడియం రెలిక్టమ్. హవాయి పిట్టలను చంపుతున్నది ఆ జోడీయే. మనుషులకు మాత్రం ఈ పరాన్నజీవి సోకదు.

మన పిట్టలు దాంతో లక్షల ఏళ్లుగా సహవాసం చేశాయి. తట్టుకోలేనివి ఎప్పుడో పోయాయి, తట్టుకున్నవాటి సంతానమే మందారం మీద వాలుతోంది. హవాయి పిట్టల ఒంటికి ఈ శత్రువు ముఖపరిచయం కూడా లేదు. పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో దూరి పెరిగి పగలగొడుతుంది. రక్తం నీరవుతుంది, పిట్ట తిండి మానేస్తుంది, కొమ్మ మీద ఉబ్బి కూర్చుంటుంది, రాలిపోతుంది. 1990ల్లో చేసిన ఒక ప్రయోగంలో, రోగమున్న దోమ ఒక్కసారి కుట్టిన ఈయీవీల్లో పదింటికి తొమ్మిది చనిపోయాయి. ఒక్క కాటు! అమాకిహి అనే ఇంకో పిట్ట మాత్రం హవాయి పెద్ద దీవిలోని పల్లపు ప్రాంతాల్లో మలేరియాతో బతకడం నేర్చుకుంది. అలా నేర్చుకోవాలంటే చాలా పిట్టలుండాలి, చాలా పిల్లలు పుట్టాలి, చాలా చావాలి, మిగిలిన కొన్ని మళ్లీ పెరగాలి. గూటికి ఒకటి రెండు గుడ్లు పెట్టి, 2017 లెక్కల్లో సుమారు 1,800 మాత్రమే తేలిన ఆకోహెకోహెకు అంత వ్యవధి లేదు. ఆ తర్వాత వాటి సంఖ్య తగ్గిందే కానీ పెరగలేదు.

మరి ఇన్నాళ్లు ఎలా బతికింది? చలి వల్ల. దోమ ఒంట్లో పరాన్నజీవి ఎదగాలంటే వెచ్చదనం కావాలి. 13 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువైతే దాని ఎదుగుదల ఆగిపోతుంది. 17 దాటితే జోరందుకుంటుంది. కడపలో జనవరి తెల్లవారుజామున కూడా 13 అరుదు, కాబట్టి మన దోమకు సెలవు లేదు. హలేకలా మీద మాత్రం సుమారు 1,500 మీటర్ల పైకి వెళ్తే ఏడాదిలో ఎక్కువ కాలం దోమకు, రోగానికి కుదరదు. కింది అడవుల్లో పిట్టలన్నీ పోయి, పైన ఉన్నవి మిగిలాయి. ఆకోహెకోహె కొండపిట్ట అని పుస్తకాల్లో చదివితే అది చలికోసం పుట్టినదేమో అనిపిస్తుంది. కింద ఉండనివ్వక పైకి నెట్టబడ్డ పిట్ట అది.

ఇప్పుడు ఎండ పెరుగుతోంది, దోమ గీత పైకి జరుగుతోంది. పిట్ట కూడా పైకి జరగొచ్చు కదా అనొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. హలేకలా ఎత్తు 3,055 మీటర్లు, జాగాకు కొరత లేనట్టే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, సముద్రం నుంచి వచ్చే తడిగాలి కొండను గుద్దుకుని పైకెక్కి మేఘమవుతుంది. దాదాపు 2,000 మీటర్ల దగ్గర పైనున్న వెచ్చటి పొడిగాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. మేఘం ఆ మూత దాటదు. మూత కింద, ఏడాదికి 10 మీటర్ల దాకా వాన పడే చోట్లున్నాయి. మన కడప జిల్లాకు ఏడాదికొచ్చేది 700 మిల్లీమీటర్ల చిల్లర. మూత పైన మాత్రం వాన చాలా తక్కువ. పొదలు, బూడిదనేల, రాళ్లు. ఓహియా అడవి లేదు, పువ్వు లేదు, తేనె లేదు. కింద నుంచి దోమ, పైన ఎండిన కొండ, నడుమ కొన్ని పదుల చదరపు కిలోమీటర్ల అడవి. ఆ పట్టీ ఏటేటా సన్నబడుతోంది. పైగా పూత ఒకేచోట ఒకే నెలలో రాదు. పైన పూలు తగ్గినప్పుడు ఆకలికి, ముఖ్యంగా కుర్ర పిట్టలు, కింది పూల కోసం దిగుతాయి. దిగినప్పుడు దోమ కుడుతుంది.

కడప వాళ్లకు అరుదైన పిట్ట అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనిపించింది. దాని పొదల కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. అది కష్టమైన పనే. అయినా మ్యాపు మీద గీత గీసి, కాలువను ఇటు కాకుండా అటు అనగలిగారు. ఆకోహెకోహెకు అడ్డొచ్చింది ఉష్ణోగ్రత. దాన్ని ఏ మ్యాపు మీద పక్కకు జరుపుతారు?

జరపలేని దాన్ని వదిలి, చేతికి అందేవాటితో పని మొదలుపెట్టారు. మొదటిది పంది. వానాకాలం అడవిలో నిలవ నీళ్లు ఎక్కువని అనుకుంటాం కానీ, ఏటవాలు కొండ మీద వాన జారిపోతుంది, దోమకు గుడ్లు పెట్టే నిలవ నీరు దొరకదు. ఆ లోటు అడవిపందులు తీరుస్తాయి. అక్కడ చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్ మొక్కలున్నాయి, మానులో సగ్గుబియ్యం లాంటి పిండి ఉంటుంది. పంది మానును పడగొట్టి, మధ్యలో పిండినంతా తినేసి, తొట్టిలాంటి డొప్పను వదిలిపోతుంది. వాన పడగానే అది నిండుతుంది. అడవి నడుమ, కొండ మీద, ఎవరూ చూడని మా మిద్దె డ్రమ్ము అది. అందుకే వైకమోయి లాంటి రక్షిత అడవుల చుట్టూ కంచెలు వేసి పందులను బయటికి తోలారు. అడవి కోలుకుంది. దోమలు తగ్గాయి కానీ పోలేదు.

ఇక అసలు మందు. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎన్నో పురుగుల కణాల్లో కాపురముంటుంది. 1924లో దాన్ని మొదట చూసింది క్యూలెక్స్ జాతి దోమలోనే. దీనికో వింత గుణం ఉంది. మగదోమలో ఒక రకం వోల్బాకియా, ఆడదోమలో ఇంకో రకం ఉంటే, వాటి కలయికతో పెట్టిన గుడ్లు పొదగవు. ఆడదోమ మామూలుగానే తెప్ప కడుతుంది, నీళ్ల మీద వదులుతుంది, ఒక్క లార్వా కూడా బయటికి రాదు. 1967లోనే బర్మాలోని ఓక్పో అనే ఊళ్లో లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పొత్తు కుదరని మగ క్యూలెక్స్‌లను వదిలి, ఆ ఊరి దోమల సంతతిని దాదాపు తుడిచిపెట్టాడు. కారణం వోల్బాకియా అని అప్పటికి తెలియదు, ఇంకో నాలుగేళ్లకు తేలింది.

హవాయిలో అదే పని పెద్ద ఎత్తున చేస్తున్నారు. ల్యాబులో వేరే రకం వోల్బాకియా ఎక్కించిన మగదోమలను పెంచుతారు. మగదోమ కుట్టదు, దానికి రక్తం అక్కర్లేదు, అది కూడా పూల రసమే తాగుతుంది. 2023 నవంబరు నుంచి తూర్పు మౌయి కొండల మీద హెలికాప్టర్‌లో తీసుకెళ్లి, మట్టిలో కలిసిపోయే చిన్న డబ్బాల్లో పెట్టి అడవిలోకి జారవిడుస్తున్నారు. తర్వాత డ్రోన్లు కూడా వచ్చాయి. ఇప్పటికి కోట్లలో వదిలారు. ఒకసారి వదిలి ఊరుకుంటే కుదరదు. మగదోమ బతికేది కొద్దిరోజులే, కాబట్టి వారం వారం వదులుతూనే ఉండాలి, అడవిలోని మగదోమల కన్నా ఇవే ఎక్కువుండేలా చూడాలి. దోమలు లేకపోతే ఆ అడవిలో ఎవరి తిండి పోతుందన్న భయం లేదు. 1826కు ముందు అవి అక్కడ లేనే లేవు.

ఈ తొందరంతా ఎందుకో కివికియూ సంగతి వింటే తెలుస్తుంది. అదే కొండ మీద ఉండే ఇంకో పిట్ట, చిలకముక్కుతో కొమ్మలు చీల్చి పురుగులు తింటుంది, 2017 లెక్కల్లో మిగిలినవి 150 ప్రాంతంలో. ఒకేచోట ఉంటే ప్రమాదమని 2019లో కొన్నిటిని పట్టి, కొండకు అవతలి వైపు కొత్తగా పెంచిన అడవిలో వదిలారు. ఏళ్ల తరబడి నాటిన చెట్లు, శ్రద్ధగా వేసిన కంచె. కొద్ది వారాల్లోనే దాదాపు అన్నీ మలేరియాతో చనిపోయాయి. దోమ అప్పటికే అంత ఎత్తుకు ఎక్కేసిందని ఆ పిట్టలు చచ్చి చెప్పాయి. అదే దీవిలో 1973లో విద్యార్థులు కనుగొన్న పోఊలీ అనే జాతి చివరి పిట్ట 2004 నవంబరులో పంజరంలో పోయింది. కనిపెట్టిన ముప్ఫై ఏళ్లకే.

"ఆ మగదోమల్ని మన కాలువలోకీ వదలకూడదా?" అని అమ్మ అడిగింది, ఇదంతా విన్నాక. మంచి ప్రశ్నే. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ 2022లో వోల్బాకియా ఎక్కించిన దోమల జాతిని తయారుచేసింది. కానీ అవి డెంగీ మోసే ఏడిస్ దోమలు. గుడ్లు పొదగకుండా చేయడం అక్కడి ఉద్దేశం కాదు, వైరస్‌ను మోయలేని దోమలు పెరిగి పాతవాటి స్థానం తీసుకోవాలని. మన మురుగు కాలువలోని క్యూలెక్స్ పని వేరు. ఒక కొండ మీద, నాలుగు వైపులా సముద్రం ఉన్న చోట, దోమను తగ్గించడం ఒక లెక్క. పక్క వీధి నుంచి, పక్క ఊరి నుంచి రోజూ వచ్చే చోట ఇంకో లెక్క.

"అయితే మనకు ఈ మూతే దిక్కు" అంది.

డ్రమ్ము వంచాను. గుడ్ల తెప్ప నీళ్లతోపాటు మిద్దె మీద పారి, ఎండకు అరగంటలో నల్లటి మరకలా మిగిలింది. తేనెపిట్ట ఆ నీళ్ల చప్పుడుకు ఎగిరి పక్కింటి కరెంటు తీగ మీద కూర్చుంది, మళ్లీ మందారం వైపే చూస్తూ.